స్కిన్ కలర్ క్రేయాన్

ఆ కథ పిల్లల కోసం రాశానని మోహిత్ అందరికీ చెప్పాడు. నిజానికి రాసింది సోనీ కోసం.

ట్రక్కుల ఫ్యాక్టరీ వాళ్ల టెల్కో కాలనీలో ఆదివారం ఆదివారం అక్కడి తెలుగు పిల్లలకు కథలు చదివి వినిపిస్తారు. సోనీ తన అక్క కూతురు, ఆరేళ్ల మనస్విని తీసుకొచ్చి వెనక వరసలో కూర్చుంటుంది. ఫ్యాక్టరీలో తయారైన కొత్త ట్రక్కులను నడిపి పరీక్షించే డ్రైవర్ ఆమె. మోహిత్ అక్కడే ఇంజనీరు. స్కూటర్ నడపడం కూడా రాని ఇంజనీరు. ఆమెతో రెండు ముక్కలు మాట్లాడే ధైర్యం లేక, ట్రక్కు నడిపే అమ్మాయి గురించి ఇరవై పేజీల బొమ్మల కథ తయారు చేశాడు. ఆడపిల్లల గురించి తనంతగా ఆలోచించే మగాడు జంషెడ్‌పూర్‌లో ఇంకొకడు లేడని అతని గట్టి నమ్మకం.

చదవడం అయిపోగానే మనస్వి లేచి వచ్చి, తన చామనచాయ చేతిని బొమ్మ పక్కన పెట్టి చూసుకుంది.

"అంకుల్, యే ఇత్నీ గోరీ క్యూ హై?"

"తెల్లగా ఎందుకుందంటే... స్కిన్ కలర్ క్రేయాన్‌తో వేశానమ్మా."

"కిస్కీ స్కిన్?"

ఎవరి స్కినో ఆ క్రేయాన్ మీద రాసి లేదు. ఈలోగా సోనీ వచ్చి పుస్తకం తిరగేసింది. ఆమె మనస్వి కంటే నలుపు.

"ఆకరి పేజీలో స్టీరింగ్ ఈ రాజకుమారుడి సేతికెలాగ ఎల్లింది?"

"ఆ అమ్మాయి అలిసిపోయిందని..."

"నాను ఎనిమిది గంటల షిఫ్టు నడుపుతానండి. ఏ రాజకుమారుడూ రాడు." ఆమె పుస్తకం మూసింది. "నన్ను సూసే గీసినారు కదా? టోపీ నాదే, బూట్లు నాయే. మొకం ఒక్కటే మీకు పనికిరానేదు."

మోహిత్‌కి తల కొట్టేసినట్టయింది. తన మంచితనం మీద తనకే అసహ్యం వేసింది. ఆ వారమంతా బొమ్మలు మళ్లీ గీశాడు. గోధుమరంగు క్రేయాన్లు రెండు అరిగిపోయాయి. రాజకుమారుడి కిరీటం పీకేసి, భుజాన తువ్వాలు వేసి, పక్క సీట్లో కూర్చోబెట్టాడు. సోనీ ఇక రాదేమోనని వారమంతా బెంగే.

ఆదివారం సోనీ ఆలస్యంగా వచ్చింది. మనస్వి మళ్లీ చెయ్యి పెట్టి చూసింది. ఈసారి తియ్యలేదు.

"పిన్నీ, నువ్వే."

సోనీ బొమ్మలో పక్క సీటు మీద వేలు పెట్టింది. "ఈ క్లీనరెవుడు?"

"నేనేనండి. నాకు డ్రైవింగ్ రాదు. మీరంటే ఇష్టం. ఈ రెండూ మొదటి పేజీలోనే రాయాల్సింది."

ఆమె పుస్తకం మోహిత్ చేతిలో పెట్టి బయటికి నడిచింది. బయట తుంపర మొదలైంది. సోనీ స్కూటర్ తీసి, మనస్విని ముందు నిలబెట్టి, "ఎక్కండి" అంది.

మోహిత్ వెనక ఎక్కాడు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి షిఫ్టు బస్సు వెళ్లింది. అతను వెనక కూర్చోవడం చూసి, కిటికీల్లోంచి అతని సెక్షన్ వాళ్లు అరిచారు: "క్యా మోహిత్ భాయ్, పీఛే?"

"పరువు పోనాదేటి?" అడిగింది సోనీ.

"పోయిందండి. కొంచెం మెల్లగా పోనివ్వండి, భయమేస్తోంది."

సోనీ నవ్వింది. "పుస్తకం తడవనీకండి. మా అమ్మకి సూపించాల."

"కథ అంత నచ్చిందా?"

"కథ కాదు. క్లీనర్ని సూపించాల."