పొయ్యి గీత

నరసన్నపేటలో పాత నూనె గానుగ వెనక సందులో ఆ ఇల్లుంది. పగలు ఎవరైనా నడుస్తారు. చీకటి పడితే మాత్రం ఆ వంటింటి కిటికీ పక్కన అడుగు వేసేవాడు లేడు. శ్యామలాంబ అనే ముసలావిడ అందులో ఒంటరిగా బతికి, ఓ రాత్రి పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. తర్వాత అద్దెకొచ్చినవాళ్లెవరూ నిలవలేదు. పొయ్యి దగ్గరికి ఆవిడ ఇంకో ఆడదాన్ని రానివ్వదని ఊరు తేల్చేసింది.

కుండకు మూకుడు వెయ్యగలం గానీ ఊరి నోటికి వెయ్యగలమా!

ఆ ఇంటిని మా మేనకోడలు భరణి, ఆమె మొగుడు త్రినాథ్ కొన్నారు. బట్టల కొట్టు వాళ్లది. త్రినాథ్ తల్లి కూడా వాళ్లతోనే ఉంటుంది. చౌకగా వచ్చిందని త్రినాథ్ కొన్నాడు. వంటిల్లు ఉందని భరణి కొనిపించింది. పెళ్లయిన దగ్గర్నుంచీ అద్దె గదులే ఆ పిల్లకి. మంచం కింద గిన్నెలు. వరండాలో స్టవ్. వానజల్లు కొడితే దాని మీద గొడుగు పట్టి వండింది. అలా బతికినవాళ్లకే తెలుస్తుంది, తనదంటూ ఓ వంటిల్లు అంటే ఏమిటో. తెలియనివాళ్లు నోరు మూసుకోవాలి.

ఆమె నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

పాత వంటిల్లు కదిపి కొత్తగా కట్టించాలి. శ్రీకాకుళంలో ఒకాయన కంప్యూటర్లో ప్లాను గీసిచ్చాడు. రంగులు బాగానే ఉన్నాయి. మనిషి ఎక్కడ తిరగాలో మాత్రం అందులో లేదు.

"కాయితం మీద వంట సెయ్యం కదా అత్తా," అని భరణి ఆ ప్లానుని పక్కన పడేసి, వంటింటి నేల మీదే ముగ్గేసింది. ఇక్కడ గట్టు, కిటికీ కింద సింకు, ఇటు ఫ్రిజ్... ఉత్తుత్తి గిన్నెలు పట్టుకుని అత్తాకోడళ్లు ఆ గీతల మధ్య తిరిగారు. మోచేతులు తగిలాయి. సింకుని కాస్త జరిపారు.

ఆగ్నేయం మూలకొచ్చేసరికి అత్తగారు తాయారు కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఆగవే. పొయ్యి గడి ముగ్గురాయి పిండితో ఏటి? బియ్యప్పిండితో వెయ్యి. పొయ్యంటే లచ్చిమి."

భరణి అలాగే వేసింది. ఆ రాత్రి ముగ్గురూ ముందు గదిలో పడుకున్నారు.

తెల్లారి చూస్తే... గట్టు ఉంది. సింకు ఉంది. ఫ్రిజ్ ఉంది.

పొయ్యి లేదు.

తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు — ఆ గడి ఒక్కటే. వేసిన కిటికీ వేసినట్టే ఉంది. పెట్టిన గొళ్లెం పెట్టినట్టే ఉంది.

తాయారు గుమ్మంలోనే కూలబడింది. "ఓలమ్మో... ఆవిడ ఒప్పుకోలేదురా."

"ఏటమ్మా నువ్వు..." అన్నాడు త్రినాథ్.

"ఇంకో రేత్రి సూద్దాం. మళ్లీ సెరిగితే మటుకు ఇల్లు అమ్మీడమే. నా కోడల్ని ఆ పొయ్యికి బలివ్వను."

త్రినాథ్ తలూపాడు. ఆ తలూపడం చూసి భరణి గుండెల్లో గునపం దిగినట్టయింది. దెయ్యం సంగతి తర్వాత... మళ్లీ అద్దె గది, మళ్లీ గొడుగు.

సాయంత్రం గడి మళ్లీ వేసింది. బియ్యప్పిండితోనే, ఇంకాస్త ఒత్తుగా. రాత్రి వాళ్లిద్దరూ నిద్రపోయాక లేచి, వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, గడి పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. పని మొదలవుతుందని వంటింటికి కరెంటు తీయించేశారు. చేతిలో ఫోను ఉంది. వెలిగించలేదు. వెలుతురుంటే వచ్చేది రాదేమోనని!

హైవే మీద ఓ లారీ మోత దగ్గరై, దూరమై, ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"శ్యామలాంబమ్మా..." అంది గుసగుసగా. "నిన్ను పొమ్మనట్లేదు. నాక్కూడా కూసింత సోటియ్యి... అంతే."



అప్పుడు... పాదం మీద ఏదో. వెంట్రుక రాసినట్టు. మెల్లగా మడమ మీదుగా... చీలమండ మీదికి...

భరణి ఊపిరి బిగబట్టింది. ఫోను వెలిగించింది.

గీత కదులుతోంది.

తెల్లటి గీత — తను వేసిన గీతే — వంపులు తిరిగి, సన్నగా వణుకుతూ నేల మీద నడుస్తోంది. గడి వదిలి... ఆమె పాదం ఎక్కి దిగి... గోడ వైపు...

ఆ అరుపుకి సందు సందంతా లేచింది.

త్రినాథ్ తలుపు తోసుకుని వచ్చాడు. వెనకే తాయారు, చేతిలో చీపురు. ముగ్గురూ ఆ వెలుతురులో వంగి చూశారు.

చీమలు.

ఒక్కో చీమ నోట ఒక్కో పిండి రేణువు. బారులు తీరి గోడ పగులులోకి పోతున్నాయి. పక్కనున్న సింకు గీతని, ఫ్రిజ్ గీతని ఒక్క చీమా ముట్టలేదు. రాయి ఎవరు తింటారు!

త్రినాథ్ నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగాడు. భరణికి నవ్వు రాలేదు. ఆమె కళ్లు అత్తగారి పెదాల మీదే ఉన్నాయి. ఇల్లు ఉండేదీ పోయేదీ అక్కడే.

తాయారు ఆ బారుని గోడ పగులు దాకా చూసింది. చీపురు గోడకి ఆనించింది.

"ఒలే భరణీ... తెల్లారి ఆ మేస్త్రికి కబురెట్టు," అంది. "నీ పొయ్యి ఇంకా ఎలగనేలేదు, అప్పుడే సుట్టాలొచ్చి బంతికి కూకున్నారు!"