చెంచా ఒక్కసారే మోగింది

పొద్దున్నే కింది ఇంట్లో మిక్సీ గర్రుమంది. మేడమీద అప్పుడే కళ్ళు మూసిన బేకరీ కుర్రాడు దిండు విసిరికొట్టి మెట్లు దిగాడు. రాత్రంతా పిండి పిసికి వచ్చిన మనిషి. తలుపు దబదబా బాదాడు.

"ఏమండీ, ఇంట్లో రోడ్డేమైనా వేస్తున్నారా?"

తలుపు తీసిన అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఎవరి చూపులో ఏం తేడా ఉందో ఇట్టే చెప్పేస్తుంది.

"ఆరెంజ్ జ్యూస్ తీస్తున్నా. మా నాన్న జారిపడి దవడ విరగ్గొట్టుకున్నాడు. పళ్ళు తీగతో బిగించి కట్టేశారు. నెలన్నర దాకా తాగడమే గానీ నమలడం లేదు. మీ నిద్ర కోసం పస్తు పెట్టమంటారా?"

అతను తగ్గాడు. ఆమె రుచి చూడమని ఇచ్చిన గ్లాసు అందుకుని, ఒక్క గుక్కకే మొహం వంకర పెట్టాడు.

"ఇది జ్యూసా, కషాయమా? గింజలతో సహా తిప్పేస్తే చేదెక్కదూ?"

"నాన్న ఏమీ అనలేదే!"

"నోరు కట్టేశాక ఇంకేం అంటారండీ?"

కోపం తెచ్చుకుందామనుకుంది. నవ్వొచ్చింది.

మర్నాడు అతను మధ్యలో గీతల బొడిపె ఉన్న గాజు గిన్నె పట్టుకొచ్చాడు. పండును అరచేతి కింద దొర్లించి, అడ్డంగా కోసి, బొడిపె మీద పెట్టి తిప్పాడు.

"గట్టిగా నొక్కకండి. తొక్క లోపలి తెలుపు అరిగితే మళ్ళీ చేదే. బుజ్జగించాలి."

"ఎవర్ని?"

"పండునే లెండి."

తొనల పీచు తీగల్లో ఇరుక్కుంటుందని ఆమె పల్చటి గుడ్డలో వడకట్టింది. ఆ రోజుతో మిక్సీ మూలపడింది. అయినా అతను రోజూ జ్యూస్ తీయడానికి దిగుతూనే ఉన్నాడు.

"చప్పుడు లేదుగా, హాయిగా పడుకోవచ్చుగా?"

"చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదండీ."

పెద్దాయన రిటైరైన టికెట్ కలెక్టర్. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ టికెట్ లేని జనాన్ని బండి దింపిన మనిషి. భార్య పోయాక కూతురికి వచ్చిన సంబంధాల్ని, ఇంకో ఊళ్ళో వచ్చిన మంచి ఉద్యోగాన్ని అలాగే దింపేశాడు. ఇల్లు చూసుకోవడానికి ఆమె కావాలి, అంతే. ఇప్పుడు నోరు లేదు కాబట్టి చెంచాతో గ్లాసు మీద కొట్టేవాడు. ఒకసారి కొడితే ఔను. రెండుసార్లు కొడితే కాదు.

ఒక వానపొద్దున కుర్రాడు తడిసి ముద్దై వచ్చాడు.

"నా చూపులో ఏమైనా తేడా ఉందా, చెప్పండి."

"ఉంది. దూరంగా ఉన్నవి కనబడుతున్నట్టు లేవు. దగ్గరున్న మనిషిని మాత్రం గుడ్లప్పగించి చూస్తున్నారు."

"మందేమైనా ఉందా?"

"నాన్నని అడగండి."

ఆట పట్టించడానికే అంది. అతను నిజంగానే గ్లాసు తీసుకెళ్ళి పెద్దాయనకిచ్చాడు. తాగడం అయ్యేదాకా ఆగి అడిగాడు.

"మీ అమ్మాయిని చేసుకుంటానండీ. మీకు ఇష్టమేనా?"

ఆమె చేతిలో వడగుడ్డ అలాగే ఉండిపోయింది.

చెంచా మోగింది. ఒక్కసారే. తర్వాత పెద్దాయన అదే చెంచాతో గ్లాసు అడుగు గీక్కుని తాగాడు.

ఆ మిగిలిన రోజులు ఇద్దరూ నేలమీద నడవలేదు. అతను మేడమీద వంటింట్లో కొత్త అల్మరా పెట్టించాడు. ఆమె కర్టెన్ల రంగు మీద పోట్లాడింది.

తీగలు విప్పిన రోజు అతను మెత్తటి బన్ను తెచ్చాడు. పెద్దాయన దవడ అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు. మొదటి మాట అన్నాడు.

"రేపట్నుంచి ఇతను దిగి రానక్కర్లేదు."

"అదేంటి నాన్నా? ఆ రోజు అడిగితే ఔనన్నావుగా. ఒక్కసారే కొట్టావు."

"రెండోది కొట్టేలోపు చెంచా జారింది."

"జారలేదు. దాంతోనే అడుగు గీక్కుని తాగావు. చూశాను నేను."

పెద్దాయనకి ఒళ్ళు మండింది. ఆ మంటలో నిజం బయటపడింది.

"అప్పుడు కాదంటే మర్నాటి జ్యూస్ ఎవడు తీస్తాడు?"

కుర్రాడు బన్ను బల్లమీద పెట్టి మెట్లెక్కాడు. గాజు గిన్నె కూడా అడగలేదు.

"చూస్తావేం? గ్లాసు పట్రా" అన్నాడు తండ్రి.

ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నె కడిగి, తుడిచి, చంకన పెట్టుకుంది. పళ్ళ బుట్ట, ఖాళీ గ్లాసు, చెంచా తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"దవడ నయమైందిగా. ఒలుచుకుని తిను. గింజలు చూసుకో."

"ఎక్కడికే?"

"పైకి."

పైన తలుపు తెరిచే ఉంది. అతను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"రిజిస్ట్రారాఫీసు ఎప్పుడు తీస్తారు?" అంది.

అతను గబుక్కున ఇటు తిరిగాడు. "నేను... పడుకునే టైముకి."

"లేపుతాలెండి."

కింద గ్లాసు మీద చెంచా మోగింది. ఒకసారి. ఆగి, మళ్ళీ ఒకసారి. దవడ బాగయినా, రమ్మని పిలవడానికి పెద్దాయనకి నోరు రాలేదు.

"పిలుస్తున్నారేమో" అన్నాడు అతను.

ఆమె గిన్నె కొత్త అల్మరాలో పెట్టింది.

"చెంచా జారుంటుంది" అని తలుపు వేసింది.