కంచం జరిపిన పిల్లాడు

సినిమా అయిపోయి లైట్లు వెలిగాయి. ఖమ్మంలోని ఆ కాలేజీ ఆడిటోరియంలో రెండు వందల మంది లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, హరిలాల్‌కి కాళ్లు నేల మీద ఆనలేదు.

హరిలాల్ పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. ఇరవయ్యారేళ్లు. సొంత కథతో తీసిన మొదటి షార్ట్ ఫిల్మ్ ఇది. పేరు ‘ఎర్ర సీసా’. రక్తం తాగి బతికే ఒక వాంపైర్ పిల్ల, ఆ పిల్లకు ఒకే ఒక్క దోస్తు. చివర్లో బడి పిల్లలంతా రాళ్లు పట్టుకొని ఆ పిల్లను తరమడానికి వస్తారు. ఆ దోస్తు అడ్డం నిలబడి, “ముందు నన్ను కొట్టుండ్రి” అంటాడు. ఆ మాట దగ్గర ముందు వరుసలో ఒక లెక్చరర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మనవాడు సినిమా మానేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు.

తరువాత ప్రశ్నలు. కెమెరా ఏది వాడారు, కోరలు ఎక్కడ చేయించారు అని ఇద్దరు అడిగారు. హరిలాల్ హుషారుగా జవాబులు చెప్పాడు. అప్పుడు వెనక వరుసలోంచి పసుపు చున్నీ అమ్మాయి ఒకతె లేచింది.

“డైరెక్టర్ గారూ, సినిమా మంచిగుంది. పిల్ల కూడ మంచిగ చేసింది. కానీ ఆ పిలగాడు అబద్ధం.”

హరిలాల్ నవ్వాడు. “కథ కదా మేడం. ఆ మాటకొస్తే వాంపైర్ కూడా అబద్ధమే.”

హాలంతా ఘొల్లుమంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

“వాంపైర్ నిజమే. పిలగాడే అబద్ధం” అని కింది పెదవి కొరుక్కుని, బయటికి నడిచింది.

పెదవి కొరుక్కునే ఆ తీరు చూసేసరికి హరిలాల్ ఆమెను గుర్తుపట్టాడు. చేతిలో మైకుతోనే స్టేజి దిగి పరుగెత్తాడు.

బయట వాన దంచి కొడుతోంది. ఆమె పోర్టికోలో నిలబడి మొండి గొడుగుతో కుస్తీ పడుతోంది.

“ద్వాలీ!”

“గుర్తుపట్టినవా? సినిమాల నన్నే తీసినవ్ గానీ, ఎదురుంగ నిలబడితే గుర్తుపట్టవేమో అనుకున్న.”

“నువ్వు... అసలు నువ్వు...” మాట మధ్యలోనే మింగేశాడు.

“బతికే ఉన్నవా అని అడుగుతున్నవా? రక్తం తాగేటోళ్లు జల్దీ చావరని నీ సినిమాల నువ్వే చెప్పినవ్ కదా.” గొడుగు తెరుచుకుంది. ఆటో కూడా వచ్చింది. “మైకు వాపస్ ఇచ్చిరా పో. లోపల దేవులాడుతుంటరు.”

ఆటో వెళ్లిపోయింది. ఆమె మెడలో ఆసుపత్రి కార్డు ఊగుతుండటం మాత్రం చూశాడు. బహుమతి తీసుకోమని లోపల మూడుసార్లు పేరు పిలిచారు. అతనికి ఒక్కసారీ వినపడలేదు.

ఇద్దరూ ఏన్కూరు వైపు తండాల పిల్లలే. తండాలు వేరు. కలిసింది అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో, ఆరో తరగతిలో. మిర్చి కోతల కాలం వస్తే హరిలాల్ అమ్మానాన్నలు గుంపుతో కలిసి ఎక్కడెక్కడికో పోయేవాళ్లు. ఆదివారం అందరి పిల్లల కోసం ఎవరో ఒకరు వచ్చేవారు. వాడి కోసం ఎవరూ వచ్చేవారు కాదు. ద్వాలికి తలసీమియా. ఒంట్లో రక్తం నిలవదు. నాలుగు అడుగులు పరుగెత్తితే ఆయాసం. అందుకని ఆటల్లో ఎవరూ కలుపుకునేవారు కాదు. ఇలా ఎవరికీ అక్కర్లేని ఇద్దరు బోరింగు గట్టు మీద జతకూడారు.

ఒక ఆదివారం హాస్టల్ టీవీలో డబ్బింగ్ వాంపైర్ సినిమా వేశారు. మర్నాటి నుంచి అదే వాళ్ల ఆట. ఆమె రక్తపిశాచి, వాడు కాపలాదారు. ద్వాలి నెలకోసారి రెండు రోజులు ఊరికి పోయి, కాస్త ఎర్రబడ్డ బుగ్గలతో తిరిగొచ్చేది.

“తాగొచ్చినవా?”

“ఒక సీసా.”

“రుచి ఎట్లుంది?”

“మందు వాసనొచ్చింది. గలీజు.”

పడీపడీ నవ్వుకునేవారు. ఒకసారి ఆమె మోచేతి దగ్గర సూది గుర్తులు చూపించి, ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తారన్న అసలు సంగతి చెప్పింది. “ఎవ్వరికీ చెప్పకు. ఒట్టు” అంది. వాడు ఒట్టేశాడు.

నెల తిరగక ముందే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాడు. క్రికెట్ ఆడే పెద్ద పిల్లలు, “ఆ పిల్ల ముచ్చటేందో చెప్తే నిన్ను టీంల తీసుకుంటం” అన్నారు. పదకొండేళ్ల పిల్లాడికి అదేమీ చిన్న ఎర కాదు. చెప్పింది కూడా ఉన్నదున్నట్టు చెప్పలేదు. “అది నిజంగనే రక్తం తాగుతది, నేను కండ్లార చూసిన” అన్నాడు. ఆ తరువాత జరిగింది మాత్రం హరిలాల్ ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా మార్చి చెప్పుకున్నాడు. మార్చి మార్చి చివరికి సినిమా తీశాడు.

ఆడిటోరియంలో సినిమా వేసిన మర్నాడు పొద్దున్నే, మెడలో కార్డు గుర్తుతో ఆ ఆసుపత్రి పట్టుకున్నాడు. తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే వార్డులో ద్వాలి కౌన్సిలరు. ఎవరో కొత్త జంటకు చెబుతోంది.

“పెండ్లికి ముందు జాతకం చూపిస్తరు గానీ రక్తం చూపియ్యరు. ఇద్దరి రక్తంల ఈ గుణముంటే పుట్టే పిల్లలకు జబ్బు రావొచ్చు. ఆడపిల్ల తప్పు, మొగపిల్లోడి తప్పు అని కొట్లాడుకోకుండ్రి. ఇద్దరూ టెస్టు చేపిచ్చుకోండ్రి.”

వాళ్లు లేచాక హరిలాల్ వంక చూసింది. “ఏంది, రక్తమియ్యనీకి వచ్చినవా?”

“లేదు. అంటే... అవ్.”

సూది చూడగానే మనవాడి కళ్లు తేలిపోయాయి. తెలివి వచ్చేసరికి ఎదురుగా జ్యూస్ డబ్బా పట్టుకుని ద్వాలి, నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతోంది.

“సినిమాల బకెట్లకు బకెట్లు పారిచ్చినవ్. ఒక్క సూదికే పడిపోతివా!”

ఆ నవ్వు చూస్తే పదకొండేళ్లప్పటి నవ్వే. ఇంకో రెండుసార్లు పడిపోయినా ఫర్వాలేదనిపించింది హరిలాల్‌కి. నవ్వు ఆగాక మెల్లగా అన్నాడు.

“సారీ ద్వాలీ.”

“దేనికి?”

“అదే... అప్పుడు...”

“అప్పుడు ఏం చేసినవో నీ నోటితోటి చెప్పు.”

“పిల్లలందరికీ చెప్పిన.”

“ఇంకా?”

అతను జ్యూస్ డబ్బా వంకే చూస్తూ చెప్పాడు.

“మధ్యాహ్నం బువ్వ కాడ అందరూ కంచాలు తీసుకొని నీకు దూరం జరిగిండ్రు. నేను నీ పక్కనే ఉన్న. నువ్వు నా దిక్కు చూసి నవ్వినవ్. వాళ్లు జరిగితే జరిగిండ్రు, వీడున్నడు కదా అన్నట్టు నవ్వినవ్.” జ్యూస్ డబ్బా పక్కన పెట్టాడు. “నేను గూడ జరిపిన.”

“అవ్. జరిపినవ్” అంది ద్వాలి. “వారం దినాలు ఒక్కదాన్నే తిన్న. తర్వాత బడే మానేసిన.”

“నీకు నా మీద చాలా కోపముంటది.”

“చిన్నప్పటి దానికి కోపం లేదు హరీ. పిల్లలకు భయమైతది, జరుగుతరు. ఏడో తరగతి చదవాల్సిన ఏడాదంతా తండాల కూసొని నువ్వొస్తవేమో అని చూసిన. రాలే. సరే అనుకున్న. కానీ పదకొండేండ్లకు భయపడ్డోడివి, ఇరవయ్యారేండ్లకు అబద్ధమాడితివి. నన్ను కాపాడినట్టు సినిమా తీసుకొని చప్పట్లు కొట్టిచ్చుకుంటివి. నిన్న కోపమొచ్చింది దానికే.”

హరిలాల్ తలవంచుకుని బయటికి వచ్చాడు.

ఆ సాయంత్రమే ఎడిటింగ్ చేసే స్నేహితుడు ఉదయ్ భాస్కర్ దగ్గర కూర్చుని, “క్లైమాక్స్ మళ్ల తీద్దాం” అన్నాడు.

“పిచ్చా నీకు? హైదరాబాద్ ఫెస్టివల్ల సెలెక్ట్ అయ్యింది. హీరో కంచం జరిపితే వాడేం హీరోరా?”

“హీరో కాదురా. ఉన్నది గంతే.”

తీశాడు. తండా పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఒక్క షాట్‌లో తీశాడు. రాళ్లు లేవు, డైలాగు లేదు. కంచం నేల మీద గీసుకుపోయే చప్పుడు ఒక్కటే. ఫెస్టివల్ వాళ్లు పాత క్లైమాక్సే కావాలన్నారు. హరిలాల్ ఇవ్వనన్నాడు. సినిమా పట్టికలోంచి లేచిపోయింది. ఉదయ్ భాస్కర్ వారం రోజులు మాట్లాడలేదు.

కొత్త సినిమా మొదట చూపించింది ద్వాలి తండాలో, బడి గోడ మీద తెల్ల బట్ట కట్టి. ద్వాలి తల్లి మోతీబాయి ముందే కూర్చుంది. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మోతీబాయి కూతురి వంక తిరిగింది.

“నడవ చాతనైతలేదు, బడికి పోను అని కదనే నాకు చెప్పింది? నా పెంపకంల లోపమే, నీకు బలం చాలలేదనుకొని ఇన్నేండ్లు ఏడ్చిన.”

“నువ్వు బాధపడతవని చెప్పలే యాడీ” అంది ద్వాలి. తల్లిని వాళ్ల భాషలో అలాగే పిలుస్తుంది.

మోతీబాయి హరిలాల్ దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

“ఆ దినమే నా చెవిల ఒక్క మాట ఏస్తే అయిపోవు కదా బేటా. పనిడిసిపెట్టి వచ్చి, నా బిడ్డ పక్కన నేను కూసొని తినేదాన్ని.”

ఆ రాత్రి ఖమ్మం తిరిగి వచ్చే దారంతా హరిలాల్‌కి ఆ మాటే వినిపించింది. క్లైమాక్స్ ఎన్నిసార్లయినా మళ్లీ తీయొచ్చు. మోతీబాయి ఏడ్చిన ఏళ్లను మళ్లీ తీసే కెమెరా ఏదీ లేదు.

అయినా ద్వాలి మాట్లాడటం మానలేదు. ఏదో ఒక వంకతో అతను ఆసుపత్రికి వచ్చేవాడు. రక్తదాతలను పోగుచేసేవాడు. పెళ్లి వీడియోలకు పోయిన చోటల్లా పెళ్లికొడుకు దోస్తులను పట్టుకుని పేర్లు రాయించేవాడు.

“పెండ్లి భోజనానికి వచ్చినోళ్లను రక్తం అడుగుతవా? వాంపైర్‌వి నువ్వేరా అసలు” అని ఏడిపించేది ద్వాలి. వాన పడితే ఆసుపత్రి మెట్ల మీద ఇద్దరూ టీ తాగేవారు. ఆమె చూడనప్పుడు అతను ఆమెను చూసేవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ వానవైపే చూస్తూ ఉండేది.

శ్రావణం పోయి భాద్రపదం వచ్చింది. ఒకరోజు హరిలాల్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఒక కవరు ఆమె బల్ల మీద పెట్టాడు. ద్వాలి విప్పి చూసింది. తలసీమియా టెస్టు రిపోర్టు. నార్మల్.

“ఏందిది?”

“నువ్వే అంటవు కదా, పెండ్లికి ముందు జాతకం కాదు, రక్తం చూపియ్యాలె అని.”

ద్వాలి ముందు నోరు తెరిచింది. తరువాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. “పిల్లను అడగకముందే టెస్టు చేపిచ్చుకొచ్చినవా? మా డాక్టరమ్మకు చెప్తే నీ ఫొటో గోడకు తగిలిస్తది!” అని కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక నవ్వలేదు.

“ఒకటి అడుగుత. నిజం చెప్పు. నేను ఆ బడిల ద్వాలిని కాకుంటే, ఇక్కడ పనిచేసే ఎవరో ద్వాలినైతే, ఈ కవరు తెచ్చేటోడివా?”

తెచ్చేవాడినని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. సినిమాలో అయితే అలాగే రాసేవాడు. కానీ ఈ మనిషి ముందు ఇంకో అబద్ధం ఆడితే ఈ జన్మకు ఇక మొహం ఉండదు.

“తెల్వదు” అన్నాడు. “నువ్వంటే ఇష్టం. నువ్వు లేకుంటే దినం గడుస్తలేదు. దాంట్ల ఇష్టమెంతో తప్పు చేసిన బాధెంతో నాకే తెలుస్తలేదు.”

ద్వాలి కవరు మడిచి సొరుగులో పెట్టింది.

“మంచిది. తెచ్చేటోడినే అంటే ఇప్పుడే పంపిచ్చేదాన్ని. నాకు నువ్వంటే ఇష్టం లేక కాదు హరీ. కానీ నీ తప్పు కడుక్కోనీకి నన్ను చేసుకోకు. ఓ రోజు కడుక్కునుడు అయిపోతది. ఆ తర్వాత నాతోటి నీకేం పని?” సొరుగు మూసింది. “బుధవారం నాకు రక్తమెక్కిస్తరు. నాలుగు గంటలు. పక్కన కూసునేటోళ్లు లేరు. మా యాడికి కాళ్ల నొప్పులు. వస్తే రా. సారీ అనొద్దు. సినిమా ముచ్చట తేవద్దు. ఒక ఏడాది గట్ల కూసోని, అప్పుడడుగు.”

“ఏడాదా?”

“ఎక్కువనా?”

“కాదు” అన్నాడు హరిలాల్.

బుధవారం పదింటికల్లా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ద్వాలి మొహం పాలిపోయి ఉంది. సూది గుచ్చుతుంటే ఈసారి కళ్లు తిప్పుకోలేదు, చూశాడు. చుక్క చుక్కగా రక్తం దిగడం మొదలైంది. సారీ అనకూడదు, సినిమా గురించి మాట్లాడకూడదు. అవి రెండూ తీసేస్తే ఈ మనిషితో మాట్లాడటానికి తన దగ్గర ఏమీ లేదని అప్పుడు తెలిసింది. ఆమె ఏ పండగకు ఏడ్చిందో, పదో తరగతి ఎక్కడ కూర్చుని రాసిందో, స్కూటీ ఎవరు నేర్పారో ఏదీ తెలియదు. ఆమె మీద ఏకంగా ఒక సినిమా తీశాడు మరి.

పక్క మంచం మీద మనవరాలిని పడుకోబెట్టుకున్న ముసలమ్మ చాలాసేపు వాళ్లిద్దరినీ చూసి, ఉండబట్టలేక అడిగింది. “ఎవరమ్మా ఈ పిలగాడు? నీకేమైతడు?”

ద్వాలి అతని మొహంలోకి చూసింది. “ఇంకా ఏం గాలే అవ్వా. దోస్తు. వద్దామని బయలెల్లిండు గానీ, వచ్చేసరికి పదిహేనేండ్లు పట్టింది.”

హరిలాల్ కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

“ఏడో తరగతిల ఏం చేసినవ్?” అని అడిగాడు.

ద్వాలి దిండు మీద తల సర్దుకుని చెప్పడం మొదలుపెట్టింది. అది అతను లేని మొదటి ఏడాది.