కంచె మీది బీరకాయలు

శనివారం బడి మధ్యాహ్నమే వదిలేశారు. మెర్లిన్ పుస్తకాల సంచి గడపలో పడేసి, బుట్ట చంకన పెట్టుకుని తోటలోకి పరుగెత్తింది. సాయంత్రం నెల్లూరు సంతకు బీరకాయలు కోసే పని ఆమెది. ఆకుకూరలు కట్టలు కట్టే పని వాళ్ళ అవ్వ రెబెక్కమ్మది.

మైపాడు దగ్గర ఇసుక నేలలో అవ్వ మందులు కొట్టకుండా కూరగాయలు పండిస్తుంది. పాదుల్లో ఆవు పేడా మూత్రమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన జీవామృతం పోస్తుంది. ఆ వాసనకు మెర్లిన్ ముక్కు మూసుకుంటుంది గానీ, ఒక చెంబు పోయనిదే ఊరుకోదు.

ఆ రోజు పందిరి కింద ఎంత వెతికినా బుట్ట సగం కూడా నిండలేదు. ఈగ కుట్టి చాలా కాయలు వంకర తిరిగిపోయాయి. మెర్లిన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకంటే ఇవాళ సంతకు వినీల టీచర్ వస్తానంది. పైగా క్లాసులో అందరి ముందూ, "మన మెర్లిన్ వాళ్ళ తోట కూరలు తిని చూడాలి మీరు," అని పొగిడింది కూడా. అంతగా పొగిడిన టీచర్‌కు ఈ వంకర కాయలా ఇవ్వడం?

అప్పుడు మెర్లిన్ కళ్ళు కంచె మీద పడ్డాయి. అక్కడి తీగకు కాయలు పచ్చగా, బారుగా వేలాడుతున్నాయి. ఒక్కదానికీ మచ్చ లేదు.

కంచె అవతల వెంకయ్య తాత మిరపతోట ఉంది. ఆయన మందు కొట్టిన రోజున సముద్రపు గాలికి ఆ తుంపర్లు కంచె దాకా వస్తాయి. అందుకే ఆ తీగ కాయల్ని అవ్వ సంతకు తీసుకుపోదు. ఉన్న మాట చెప్పి ఊళ్ళో కొట్టుకు వేసేస్తుంది. "కంచె మీది కాయ మనది కాదు పాపా, గాలిది," అంటుంది.

'విత్తనం ఒకటే, నీళ్ళూ ఒకటే. ఎవరికి తెలుస్తుందిలే,' అనుకుంది మెర్లిన్. చకచకా కోసి బుట్ట నింపింది. పైన తడి గోనెపట్టా కప్పేసింది.

సంతలో వాళ్ళ పక్కన వెంకటేష్ అనే కొత్త రైతు కూర్చున్నాడు. పాపం, అతని తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఒకావిడ సొరకాయను గోటితో గిచ్చింది. వాసన చూసింది. "మందు కొట్టలేదని నమ్మకం ఏంది?" అంది. అతను ఫోన్లో తోట ఫోటో చూపించాడు. ఆవు ఫోటో చూపించాడు. ఆవిడ ఆవు బాగుందని మెచ్చుకుని, చివరికి ఒక కరివేపాకు కట్ట తీసుకుని వెళ్ళింది.

"కట్ట కరేపాకు అమ్మేలోపు గొంతు ఎండిపోతా ఉండాది పెద్దమ్మా," అన్నాడు వెంకటేష్, నీళ్ళ సీసా మూత తీస్తూ.

రెబెక్కమ్మ దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అడగడం లేదు. వస్తున్నారు, సంచి చాస్తున్నారు, పోతున్నారు.

"మనల్ని ఎందుకు అడగరు అవ్వా?"

"అడిగినారు పాపా, మొదట్లో. కాయ విరిచి చూసేవాళ్ళు. రెండు దోసకాయలు అమ్మాలంటే ఊరంత కథ చెప్పాల్సి వచ్చేది. చెప్పిందే చేస్తా వచ్చినాను. ఇప్పుడు ఆ కథ చెప్పే పని తప్పింది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మెర్లిన్ గబుక్కున గోనెపట్టా సర్దింది.

అంతలోనే వినీల టీచర్ వచ్చింది. వరుసలో ఉన్నవాళ్ళకు మెర్లిన్‌ను చూపించి, "మా క్లాసు పిల్లే," అని చెప్పుకుంది. సంచి ఆమె చేతికిచ్చింది.

"బీరకాయలు వెయ్యమ్మా. మా నాన్నకు ఆపరేషన్ అయింది. పథ్యం పెట్టాలి. బయటి కూరలంటే భయం. మీవైతే నేను చూసుకోనక్కర్లేదు కదా."

మెర్లిన్ గోనెపట్టా తీయబోయి ఆగింది. అయినా పైనున్న కంచె కాయలే తీసి సంచిలో వేసింది. టీచర్ సంచిలోకి తొంగి కూడా చూడలేదు. ఆటో కోసం రోడ్డు వైపు నడిచింది.

మెర్లిన్ ఒక్క ఉదుటున లేచి పరుగెత్తింది.

"టీచర్, ఆ కాయలు ఇచ్చేయండి."

"ఏమైందమ్మా?"

"అవి కంచె మీదివి. పక్క తోట మందు గాలికి వచ్చి పడతాది. నేనే కోసినాను. అవ్వకు తెలీదు."

టీచర్ సంచిలోకి ఒకసారి చూసింది. తర్వాత సంచి పట్టుకుని, మెర్లిన్ వెంట వెనక్కి వచ్చింది. వరుసలో అందరూ చూస్తుండగా మెర్లిన్ ఆ మాటలే అవ్వకు మళ్ళీ చెప్పింది.

రెబెక్కమ్మ ముఖం వాడిపోయింది. బుట్టను అక్కడే కుమ్మరించి, కంచె కాయల్ని ఏరి గోతంలో వేసి మూతి కట్టింది. అప్పటికే వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. "అయితే గోంగూర సంగతేంది?" అని ఒకాయన అడిగాడు. "తోటకూర యాడ కోసినారు?" అని ఇంకొకావిడ కట్ట విప్పింది. అవ్వ ఒక్కొక్కరికీ ఓపిగ్గా మొదటి నుంచీ చెప్పింది. చాలా ఏళ్ళ తర్వాత ఆమె మళ్ళీ ఆ కథ చెప్పాల్సి వచ్చింది. మెర్లిన్‌కు తిట్లు తిన్నా ఇంత బాధ అనిపించేది కాదు.

ఇద్దరూ ఇంటికి పోయే బస్సెక్కారు. మైపాడు దగ్గర పడుతుండగా అవ్వ మనవరాలి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"కోసినందుకు కోపంగానే ఉండాది నాకు. ఆటో ఎక్కక ముందే పరిగెత్తినావు చూడు, అది మాత్రం నా మనవరాలి పనే," అంది.

తర్వాతి శనివారం మెర్లిన్ చింపిరి గుడ్డలు తెచ్చి కంచె తీగ పొడవునా కట్టింది, పొరపాటున కూడా అటు చెయ్యి పోకూడదని. పందిరి కాయలు మాత్రమే కోసింది. బుట్ట సగమే నిండింది. ఆ సగం బుట్టనే నెత్తిన పెట్టుకుని బస్సెక్కింది.

సంతలో జనం అడిగారు. కొందరు కాయ గిచ్చి చూశారు. మెర్లిన్ ప్రతి ఒక్కరికీ కంచె సంగతీ, గుడ్డల సంగతీ చెప్పింది. వెంకటేష్ నవ్వి తన నీళ్ళ సీసా ఆమె వైపు జరిపాడు.

ఆఖరున వినీల టీచర్ వచ్చింది. మెర్లిన్ కాయలు ఏరుతూ, "టీచర్, ఇది వంకరగా ఉంది. పురుగు చిల్లు కూడా ఉంది. వెయ్యమంటారా?" అంది.

"బీరకాయల సంగతి నన్నడుగుతావేమ్మా? నువ్వు వేసిందే నాది," అని టీచర్ సంచి ఆమె చేతిలో వదిలేసి, అవ్వతో కబుర్లలో పడింది. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

మెర్లిన్ ఒక్కో కాయా తిప్పి తిప్పి చూసి సంచిలో వేసింది. అంతలో ఎవరో కొత్తావిడ వచ్చి, "బీరకాయలు మంచివేనా?" అని రెబెక్కమ్మను అడిగింది.

అవ్వ నిటారుగా కూర్చుని, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"నన్ను కాదమ్మా, మా మనవరాలిని అడగండి. ఆ బుట్ట ఆమెది."