మొదట వచ్చిన పేరు

వంటింటి గుమ్మంలో శవం. తల వెనక దెబ్బ.

చనిపోయినావిడ రిటైరైన నర్సు. ఒంటరి మనిషి. పట్టపగలు కాస్త కునుకు తీస్తుండగా ఎవరో లోపలికి వచ్చారు. అలికిడికి లేచినట్టుంది. అదే ఆవిడ చేసిన తప్పు.

బీరువా ఖాళీ. వీధి తలుపుకి మాత్రం బయటి నుంచి భద్రంగా తాళం వేసి ఉంది.

ఇన్‌స్పెక్టర్ తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది. తలుపులోనే బిగించిన తాళం మీద ఒక్క గీత లేదు. కొత్త తాళం.

పాత తాళం బిగుసుకుపోతే ఈమధ్యే మార్పించుకుందని ఎదురింటి దర్జీ చెప్పాడు. మనిషిని ఎక్కడ పట్టిందంటే, ఫోన్లో వెతికిందట. మొదట ఎవరి పేరు వస్తే వాళ్ళని పిలిచిందట.

గత నెలలో రెండు దొంగతనాలు ఇలాగే జరిగాయి. ఇన్‌స్పెక్టర్ ఆ రెండు ఇళ్ళకీ ఫోన్ చేసింది. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. కొత్త తాళం. మొదట వచ్చిన పేరు.

వాళ్ళలో ఒకావిడ సంగీతం టీచరు. తనకి అప్పుడే అనుమానం వచ్చిందనీ, నలుగురికీ తెలియాలని ఒక పత్రిక వెబ్‌సైట్లో కామెంట్ కూడా రాశాననీ చెప్పింది. పంపే ముందు తీసుకున్న స్క్రీన్‌షాట్ ఇన్‌స్పెక్టర్‌కి పంపింది.

తాళం బిగించినవాడే ఇంకో చెవి దాచుకున్నాడన్నమాట. తాళాలవాడి నంబరు స్విచాఫ్. అడ్రసు దొంగది.

వాడి సైటు సెర్చ్‌లో అందరికన్నా పైకి ఎలా వచ్చిందని సైబర్ సెల్‌ని అడిగితే, వాళ్ళు కూడా అదే పత్రికని చూపించారు. సైటుకి వచ్చే లింకులన్నీ దాదాపు అక్కడి కామెంట్లలోవే.

సాయంత్రం నాలుగింటికల్లా ఇన్‌స్పెక్టర్ ఆ పత్రిక ఆఫీసులో ఉంది. వెబ్‌సైట్‌ని మార్చగలిగేవాళ్ళు ముగ్గురే. ఎడిటరు, ప్రకటనలు చూసే ఆవిడ, సిస్టమ్స్ చూసే అతను. ముగ్గురికీ కలిపి ఒకటే లాగిన్. ముగ్గుర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టింది.

సిస్టమ్స్ అతను స్క్రీన్ తిప్పి చూపించాడు.

"పాఠకులు పెట్టే ప్రతి లింకుకీ మా సాఫ్ట్‌వేర్ 'నోఫాలో' అని ఒక మాట తగిలిస్తుంది మేడమ్. చదివేవాళ్ళకి కనబడదు. సెర్చ్ ఇంజిన్‌కి కనబడుతుంది. వీడికి మేం పూచీ కాదు అని చెప్పడం."

"ఆ మాట తీసేస్తే?"

"పూచీ పడ్డట్టే. మాది ఏళ్ళనాటి పత్రిక. మేం మంచివాడంటే సెర్చ్ ఇంజిన్ నమ్ముతుంది. వాణ్ణి పైకి తెస్తుంది."

వందలాది లింకులున్నాయి. అన్నిటికీ ఆ మాట ఉంది. తాళాలవాడి లింకులకి మాత్రం లేదు. ఎవరో ఒక్కొక్కటే చేత్తో తీశారు.

ప్రకటనలావిడ తన జోలి కాదంది. డబ్బులిచ్చిన లింకుకి 'స్పాన్సర్డ్' అని తగిలించి తీరాలనీ, వీడసలు తనకి ప్రకటనే ఇవ్వలేదనీ చెప్పింది. ఎడిటరు నెమ్మదైన పెద్దమనిషి. ఈ సాంకేతిక గొడవలేవీ తన బుర్రకెక్కవన్నాడు. దానికి ప్రకటనలావిడ, "సార్‌కి అక్షరాలే లోకమండీ. లీవ్ లెటరిచ్చినా తప్పులు దిద్దిగానీ సంతకం పెట్టరు," అంది.

ఇంతలో సిస్టమ్స్ అతను తాళాలవాడి సైటు తెరిచాడు. పైన నవ్వుతున్న తాళంచెవి బొమ్మ.

ఇన్‌స్పెక్టర్ స్క్రీన్ దగ్గరికి వంగింది. ఆ బొమ్మని ఆదివారం చూసింది. అక్క ఇంట్లో. కొత్త తాళంచెవికి వేలాడుతూ.

అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, నీ తాళం ఎవరు మార్చారు?"

"ఎవరో. ఫోన్లో మొదట వచ్చాడు. ఏమే, అలా ఉంది గొంతు?"

"వెంటనే బయటికి వచ్చెయ్."

"ఉండు. ఎవరో తలుపు..." అక్క గొంతు తగ్గిపోయింది. "తాళం తిప్పుతున్నారే."

"బాత్‌రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకో. చప్పుడు చెయ్యకు."

లైన్ తెగిపోయింది.

వైర్‌లెస్‌లో చెప్పింది. జీపు బయల్దేరింది. కానీ అక్క ఇల్లు ఊరికి ఆ చివర. జీపు వెళ్ళేలోపు ఏమైనా కావచ్చు. వాణ్ణి ఆపగలిగేది వాడి అసలు నంబరు తెలిసినవాళ్ళే. లింకులు మార్చిన ఆ ఒక్కరూ ఈ గదిలోనే ఉన్నారు.

ఎవరు?

సంగీతం టీచరు కామెంట్‌ని స్క్రీన్ మీద పెట్టించింది. పక్కనే తన ఫోన్లో స్క్రీన్‌షాట్ పెట్టుకుంది. 'వీడు దొంగ, పిలవకండి' అన్న ఆ హెచ్చరికలోని లింకుకి కూడా నోఫాలో పీకేశారు. ఆవిడ వద్దన్నకొద్దీ వాడు పైకెక్కాడు.

ఒక్కో అక్షరం పోల్చి చూసింది. ఆగింది.

"మీ సాఫ్ట్‌వేర్ అచ్చుతప్పులు దిద్దుతుందా?"

"లేదు మేడమ్. ఎవరి తప్పులు వాళ్ళవే."

ఇన్‌స్పెక్టర్ ఎడిటరు వైపు తిరిగింది.

"ఆవిడ రాసింది 'తాలం'. ఇక్కడున్నది 'తాళం'. ఆ ఒక్క మాట పీకడానికి లోపలికి వెళ్ళారు. తప్పు కనబడింది. మీ చెయ్యి ఊరుకోలేదు. వాడు మీకేమవుతాడు?"

ఎడిటరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వాడు వెళ్ళిన ఇంట్లో మా అక్క ఉంది. ఇవాళే ఒకావిడ చచ్చిపోయింది. ఫోన్ చెయ్యండి."

"చచ్చిపోయిందా?" పెద్దమనిషి కుర్చీలోంచి సగం లేచాడు. "బావమరిదండీ. పని దొరకడం లేదని ఏడిస్తే... ఆ కామెంట్ చూసి నిలదీశాను. అబద్ధమని ఒట్టేశాడు."

"ఫోన్."

ఎడిటరు ఫోన్ తీశాడు. నంబరు నొక్కాడు. చాలాసేపు మోగింది. ఎత్తారు.

"ఎక్కడున్నా వచ్చెయ్‌రా. పోలీసులు వస్తున్నారు."

జీపు వెళ్ళేసరికి వాడు మెట్లు దిగుతున్నాడు. చేతిలో సంచీ, జేబులో తాళంచెవి. అక్క బాత్‌రూం గడియ తియ్యలేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి తలుపుకి నోరానించి, చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిస్తేగానీ తియ్యలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ తడినేల మీదే కూలబడ్డారు. అక్క చెయ్యి ఎంతకీ చల్లదనం వదల్లేదు.

స్టేషన్లో వెతికితే వాడి సంచీలో ఇంకో ఫోన్ దొరికింది. సైటులో ఇచ్చిన నంబరుది. కానిస్టేబుల్ దాన్ని ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు. నోఫాలోలన్నీ తిరిగి పెట్టేశాననీ, అయినా సెర్చ్‌లో పేరు కిందికి జారడానికి రోజులు పట్టొచ్చనీ సిస్టమ్స్ అతను అప్పుడే చెప్పాడు.

ఫోన్ మోగింది.

ఇన్‌స్పెక్టర్ ఎత్తింది. అవతల ఆయాసపడుతున్న ఒక ఆడగొంతు.

"తాళాలవాళ్ళేనా? తాళంచెవి పోయిందండీ, చంటిపిల్లతో బయటే నిలబడ్డాను. మొదట మీ పేరే వచ్చింది. అడ్రసు రాసుకోండి."

"చెప్పకండి," అంది ఇన్‌స్పెక్టర్. "ఎవరికీ చెప్పకండి."