మూగతలుపు

భోజనాల వేళ దాటిపోయింది. మేఘన అలిగి, పొద్దుటి నుంచీ హోటల్ గదిలో తలుపేసుకుని కూర్చునే ఉంది. ఇంతవరకు ఒక్కరూ వచ్చి తలుపు తట్టిన పాపాన పోలేదు.

అలకకు కారణం పెసరట్టు. ఫలహారం దగ్గర ఆవిడ భర్త ప్రణీత్ ఈ హోటల్ వంటయంత్రం వేసిన పెసరట్టు తింటూ, ఫోన్లో కూతురితో "దీని ముందు మీ అమ్మ పెసరట్టు దిగదుడుపేనే" అన్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన కోసం పెసలు నానబోస్తున్న మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మారు మాట్లాడకుండా లేచి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

రాజమండ్రిలో వాళ్ళింట్లో అలకకు ఒక పద్ధతుంది. ఆవిడ తలుపేసుకుంటుంది. ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి, కాఫీ కలిపి తెచ్చి తలుపు తడతాడు. "నాకేం అక్కర్లేదు" అంటుంది ఆవిడ. ఆయన వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ వస్తాడు. మూడోసారికి తలుపు తెరుచుకుంటుంది. అప్పటికి కాఫీ చల్లారిపోయి ఉంటుంది కనుక దాని మీద ఇంకాస్త రుసరుస, ఆ తర్వాత మామూలే. వాళ్ళది పాత ఇల్లు, టేకు తలుపులు. తడితే వీధి చివరికి వినపడుతుంది.

విశాఖలో, బీచ్ రోడ్డు మీది ఈ 'విరామం' హోటల్ సంగతి వేరు. బయట ఇసక వేస్తే రాలనంత జనం, నిమిషానికో యాత్రికుల బండి. లోపల మాత్రం సూది పడితే వినపడుతుంది. ఇదంతా వడపోత మహిమ. మణికట్టుకు కట్టుకున్న మనసుపట్టీ నాడి చూసి, మనిషికి ఎప్పుడు చిరాకు పుట్టిందో కనిపెడుతుంది. కనిపెట్టిందే తడవుగా గోడలూ తలుపులూ కిటికీలూ ఆ చిరాకు తెప్పించేదాన్ని మనిషి దాకా రానివ్వవు. నగరాల్లో కొత్తగా కట్టే ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఇదే. హైదరాబాదులో కూతురి ఫ్లాటులోనూ ఇదే.

"మీరు ఏకాంతం కోరుకుంటున్నారని గ్రహించాం. ఎవరినైనా పిలవమంటారా?" అని పట్టీ పొద్దున్నే అడిగింది. అక్కర్లేదంది మేఘన. దాని దృష్టిలో అక్కర్లేదంటే అక్కర్లేదనే. మధ్యాహ్నం గోడలోంచి భోజనం అర బయటికొచ్చింది, ముద్దపప్పూ ఆవకాయా ఘుమఘుమలాడుతూ. ఆకలి లేదంది. అర మర్యాదగా వెనక్కి వెళ్ళిపోయింది. ఇంకోసారి అడగొద్దూ? కొసరి వడ్డించడం చేతకాని వంటిల్లు ఒక వంటిల్లా? మేఘనకు ఒళ్ళు మండిపోయింది. నాడి పెరిగిందేమో, పట్టీ గదిని ఇంకాస్త నిశ్శబ్దం చేసింది.

విసుగెత్తి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద ఇసక, నీళ్ళు, అంతే. అంత పెద్ద తీరంలో ఒక్క మనిషి లేడు. ఈయనగారు ఏ చల్లని గదిలోనో కూర్చుని రెండో పెసరట్టు లాగిస్తుంటారనుకుని, మొహం తిప్పుకుని వచ్చి మంచం మీద కూలబడింది.

అసలు ఈ ప్రయాణమే కూతురు వరలక్ష్మి అంటగట్టింది. ఈ కాలంలో మళ్ళీ పాత పేర్లకు గిరాకీ వచ్చింది కానీ, పాత ఓపికలకు రాలేదు. చైతన్యతో పెళ్ళయి రెండేళ్ళయింది, వచ్చే వారం విడాకులు. అమ్మానాన్నల సణుగుడు భరించలేక, నాలుగు రోజులు ప్రశాంతంగా ఉండి రమ్మని ఇక్కడికి పంపింది. చైతన్య ఏం తప్పు చేశాడే అని మేఘన ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "ఏమీ చెయ్యలేదమ్మా. అదే తప్పు. రోజంతా గదిలో కూర్చున్నా ఏమైందని వచ్చి అడగడు." కొట్టుకోలేదు, తిట్టుకోలేదు, మూడో ఇంటికి మాట పొక్కలేదు. అంత ప్రశాంతంగా కాపురం ఎలా కూలుతుందో మేఘనకు అంతుపట్టలేదు. దిగులుతో నిద్ర పట్టడం లేదు.

ఇక లాభం లేదని తలుపు తీసింది. ముందు గది ఖాళీ. బల్ల మీద కాఫీ కప్పు, తొరక కట్టి, చల్లారి ఉంది. అంటే ఆయన వచ్చాడన్నమాట. గబగబా కిందికి దిగింది.

హోటల్ చూసుకునే శరణ్య అనే అమ్మాయి నవ్వుతూ లేచి నిలబడింది. సార్ చాలాసేపు తలుపు తట్టారని చెప్పింది. మేడమ్‌కి చిరాకుగా ఉందని పట్టీ చెప్పడంతో తలుపు ఆ చప్పుడు లోపలికి రానివ్వలేదట. దాన్ని మూగతలుపు అంటారట. తర్వాత సార్ బయటికి వెళ్ళి, మేడమ్ కిటికీ కింద ఇసకలో నిలబడి చాలాసేపు చెయ్యి ఊపారట.

"నేను కిటికీలోంచి చూశాను కదమ్మా. అక్కడ పురుగు కూడా లేదు."

"అది తేటగాజు మేడమ్. జనాన్ని చెరిపేసి సముద్రం ఒక్కటే చూపిస్తుంది. మా హోటల్ ప్రత్యేకత అదే" అంది శరణ్య గర్వంగా.

మేఘన వీధిలోకి నడిచింది. తలుపు దాటగానే హారన్లూ, కేకలూ, వేయించిన శనగపప్పు వాసనా ఒక్కసారిగా మీద పడ్డాయి. అంత గోలలోనూ మొగుణ్ణి పట్టడం కష్టం కాలేదు. మరమరాల మురీ మిక్చర్ బండి పక్కన గట్టు మీద, హోటల్‌కి వీపు పెట్టి, భుజాలు జారేసి కూర్చున్నాడు. అది అలకే. ఇన్నేళ్ళలో ఆ మనిషి అలగడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

వెళ్ళి పక్కన కూర్చుంది. ఆయన ఇటు తిరగలేదు.

"నన్ను చూసి కూడా మొహం తిప్పుకున్నావు" అన్నాడు చివరికి.

"చూస్తే కదండీ తిప్పుకోడానికి" అని ఆవిడ గాజు సంగతి చెప్పింది. ఆయన నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. మిక్చర్ తింటారా అని అడిగింది.

"నాకేం వద్దు."

మణికట్టు మీద పట్టీ సన్నగా వణికింది. "పక్కనున్న వ్యక్తి ఏకాంతం కోరుకుంటున్నారు. దయచేసి దూరంగా జరగండి" అంది. మేఘన దాన్ని విప్పి చీర కొంగున ముడేసి, వెళ్ళి రెండు పొట్లాలు కట్టించుకొచ్చింది. ఉల్లిపాయలు ఎక్కువ వేయించిన పొట్లం ఆయన చేతిలో పెట్టింది. ఆయన సముద్రం వైపు చూస్తూనే తినడం మొదలుపెట్టాడు.

అప్పుడు తట్టింది ఆవిడకు. పొట్లం పక్కన పెట్టి కూతురికి ఫోన్ చేసింది.

"ఒసేయ్, మీ ఇంట్లోవీ ఈ మూగతలుపులేనా?"

"ఇప్పుడు అందరిళ్ళలోనూ అవేగా అమ్మా. ఎందుకు?"

"నువ్వు అలిగి కూర్చున్నప్పుడు చైతన్య వచ్చి తట్టలేదని నీకెలా తెలుసే? మీ నాన్న పొద్దున్నుంచీ నా తలుపు తడుతూనే ఉన్నార్ట. నాకు ఒక్క చప్పుడు వినపడలేదు."

  వరలక్ష్మి గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది.

"ఒకరోజు అతను అలిగాడమ్మా. నేనే వెళ్ళి తట్టాను. ఎంతసేపు తట్టానో. తియ్యలేదు. అందుకే, ఇంక..."

 ఇద్దరూ తట్టారు. ఇద్దరూ లోపల కూర్చుని, ఎదుటివాళ్ళు రాలేదని ఏడ్చారు. గొడవలుండవని అంత ఖరీదు పెట్టి కొనుక్కున్న తలుపులు, నిజంగానే ఒక్క గొడవ కూడా జరగనివ్వలేదు.

"ఏమైంది?" అన్నాడు ప్రణీత్. అలక సంగతి ఆయనే మరిచిపోయాడు.

మేఘన కళ్ళు తుడుచుకుని లేచింది. "లేవండి. హైదరాబాద్ వెళ్దాం. ఆ తలుపులు ఊడబీకించాలి."