ఐదు తూటాలకు ఆయుధపూజ

“ఆ రివాల్వర్‌కి తూటాలు తయారుచేయడం మానేసి వందేళ్లయింది. అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు,” అంది చీఫ్ రాజ్యలక్ష్మి.

అశోక్ నగర్‌లో గ్రూప్స్ మెటీరియల్ అమ్మే జెరాక్స్ షాపు వెనకగది అది. ఆమె ఎదుట ఏజెంట్ ఫణికిరణ్ కూర్చున్నాడు.

టార్గెట్ రామచంద్రరావు, రిటైర్డ్ మిసైల్ సైంటిస్టు. మన రహస్యాలు కొంటున్న విదేశీ ముఠా గుట్టు కోర్టులో విప్పబోతున్న ఏకైక సాక్షి. దసరానాడు నారాయణగూడలో పాత ఆయుధాల ఎగ్జిబిషన్ ప్రారంభిస్తాడు. మెటల్ డిటెక్టర్ దాటి లోపలికి వెళ్లగలిగే తుపాకి, షోకేసులో పెట్టే ఆ రివాల్వర్ ఒక్కటే. దాని పాత తూటాల ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు నింపడానికి ముఠా పిలిపించిన రమాకాంత్ అనేవాడు ఇప్పుడు మన లాకప్‌లో ఉన్నాడు. వాడి బదులు ఫణి వెళ్లి, పేలని తూటాలు చేసివ్వాలి.

“ముఠాలో ఆమని ఉంది. భయంలేదు, మన మనిషే,” అంది చీఫ్.

ఈ ‘మన మనిషే’ అన్నమాట ఉంది చూశారూ, కొంపలు ముంచేది అదే.

దసరా పొద్దున చిక్కడపల్లిలో ఓ మేడమీద గది తలుపు తట్టాడు ఫణి, అతుకు మీసంతో.

“మైసూర్ బోండా ఉందా?”

“అయిపోయింది. పునుగులున్నాయి.”

కోడ్ సరిపోయింది. తలుపు తెరిచిన ఆమని పట్టుచీరలో మెరిసిపోతోంది. ఎగ్జిబిషన్ క్యూరేటర్ వేషం ఆమెది. అతను లోపలికి రాగానే తాళం వేసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది.

“పెన్ను ఇలా ఇవ్వు, ఫణీ. కళ్లజోడు కూడా. ఈదయ్యా, వీడి చొక్కా రెండో గుండీ కోసెయ్. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది.”

ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగయ్యారు మరి! ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఫణి ఏపాటి?

“ఎంతకి అమ్ముడుపోయావ్?”

“నీ జీతం అడిగి నిన్ను బాధపెట్టను. పని మొదలుపెట్టు. ఆరు చెయ్. నాకు నచ్చిన ఒకటి ఇక్కడే పేల్చి చూస్తాను. పేలకపోతే నా పిస్టల్ పేలుతుంది. మిగతా ఐదూ ముసలాయనకి. తయారీ నీది, కేసూ నీదే.”

కిటికీకి ఇనుపచువ్వలు. గుమ్మంలో ఈదయ్య. బర్కత్‌పురలో ఆటో నడుపుకునే ఈదయ్యని ముఠా షూటర్‌గా తిప్పుకుంది. ఫణి లెక్క వేసుకున్నాడు. ఏ ఒక్కటి పరీక్షిస్తుందో తెలియనప్పుడు అన్నీ అసలువే చేయాలి. చేస్తే ఆ పెద్దాయన తన చేతి తూటాతోనే పోతాడు.

అసలువే చేశాడు. మూతులు బిగించేటప్పుడు మాత్రం కొంచెం వదులుగా వదిలాడు. దానివల్ల ఏమవుతుందో అతనికీ తెలియదు, ఏదో ఒక సందు మిగలాలనిపించిందంతే.

వీధిలో డప్పులు మోగుతుండగా ఆమని ఒకటి ఏరి, ఎగ్జిబిషన్ నుంచి తెచ్చిన ఆ రివాల్వర్‌లో పెట్టి ఇసుకబస్తామీద పేల్చింది. ఢాం!

“శభాష్,” అంటూ రివాల్వర్‌తోసహా పక్కగదిలోకి వెళ్లి ఎవరికో ఫోన్ చేసింది.

ఈదయ్య మెడలో ఎర్రతాడు, నుదుట బొట్టు. ఫణి గొంతు తగ్గించాడు. “ఈదయ్యన్నా, ఇయ్యాల దసరా గదా. తూటాలకు ఆయుధపూజ చెయ్యకుంటనే పట్టుకపోతవా?”

ఈదయ్య ముఖం పాలిపోయింది. “అరె, నిజమే! పొద్దుగాల ఆటోకు చేసిన. వీటి సంగతి యాదికే లేదు.”

గబగబా కుంకుమ, నిమ్మకాయ తెచ్చాడు. బొట్టు పెట్టబోతుంటే ఫణి ఆపాడు.

“కడగకుంటనే బొట్టా? నీ ఆటోకు గట్లనే పెట్టినవా?”

“ఛీ, గట్లెట్ల పెడ్త? మంచిగ కడిగినంకనే.”

“మరి?”

స్టీలు గిన్నెలో పసుపునీళ్లు కలిపి ఐదు తూటాలూ వేశాడు ఈదయ్య. అగరొత్తి వెలిగించి, కళ్లుమూసుకుని, పెళ్లాంబిడ్డల పేర్లన్నీ చెప్పి దండం పెట్టుకున్నాడు. తర్వాత తువ్వాలుతో తుడిచి ఒక్కోదానికీ బొట్టు పెట్టాడు.

ఆమని వచ్చి చూసింది. “ఏమిటీ అవతారం?”

“పండుగ గదక్కా.”

ఒకటి తీసి వేళ్లతో నలిపి చూసింది. ఫణి ఊపిరి బిగబట్టాడు. పొడిగానే ఉంది.

“నీ చాదస్తం తగలెయ్య! పద, లేటవుతోంది.”

ఫణిని కుర్చీకి కట్టేసి, టాబ్లెట్‌లో ఎగ్జిబిషన్ లైవ్ పెట్టింది. “నీ చేతిపని నువ్వే చూసుకో.”

ఇద్దరూ వెళ్లిపోయారు. వదులు మూతుల్లోంచి నీళ్లు మందులోకి దిగాయా? దిగకపోతే? ఫణి తాళ్లతో పెనుగులాడాడు. మణికట్లు ఒరుసుకుపోయాయిగాని ముడి వదల్లేదు. “సార్, లోపలికి వెళ్లకండి!” అని తెర చూస్తూ అరిచాడు. వీధిలో డప్పులు ఇంకా మోగుతున్నాయి.

తెరమీద రామచంద్రరావు నవ్వుతూ రిబ్బన్ కత్తిరించాడు. ఎగ్జిబిషన్ సిబ్బంది యూనిఫాం వేసుకున్న ఈదయ్య రివాల్వర్‌ని వెల్వెట్ పళ్లెంలో తెచ్చి, పెద్దాయన ఛాతీకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్.

మళ్లీ టిక్. ఐదుసార్లూ అంతే!

కానిస్టేబుళ్లు మీదపడ్డారు. జారుకోబోయిన ఆమనిని గేటు దగ్గరే పట్టుకున్నారు. ఫణి కుర్చీలోనే పడీపడీ నవ్వాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

తెరమీద ఈదయ్య లబోదిబోమంటున్నాడు. “నన్నెందుకు కొడ్తరు సార్? వాడు మోసం చేసిండు! చిక్కడపల్లిల మేడమీద కట్టేసి పెట్టినం, పోయి వాణ్ని పట్టుకోండ్రి!”

కాసేపటికి తలుపు పగిలింది. చీఫ్ స్వయంగా కట్లు విప్పింది.

“తూటాలు ఎందుకు పేలలేదో రిపోర్ట్‌లో ఏమని రాయను, ఫణీ?”

“నేరస్థుడి శుచీశుభ్రత అని రాయండి, మేడమ్.”